రెండో లీవరు సంగతి: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనే ముందు

తొలకరి గట్టిగా పడిన మరునాడు బళ్లారి ప్రాంతపు నల్లరేగడి బాటలు ఎద్దుబండికే లొంగవు. కోరాపుట్ కొండవాలు దారులదీ, డెంకణికోట అడవి అంచు పల్లెల బాటలదీ, సిరొంచ వైపు ఏటి ఇసుకదీ ఇంచుమించు ఇదే కథ. అందువల్లనే ఈ ప్రాంతాలలో పొలమూ తోటా ఉన్న కుటుంబాలు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కోసం వెతుకుతుంటాయి. మామూలు బండికంటే దానికి ధర ఎక్కువ చెబుతారు. ఆ ఎక్కువ ధర చెల్లించేది బండి లోపల పెద్ద గేరు లీవరు పక్కన నిలిచిన ఆ రెండో చిన్న లీవరుకే. కాని ఆ లీవరు ఏం చేస్తుందో, దానికి కింద ఉన్న యంత్రభాగాలు ఇంకా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోకుండానే చాలామంది బయానా ఇచ్చివేస్తారు. పదేళ్లు కదపని లీవరుకు సొమ్ము చెల్లించడమంటే చెక్కపెట్టెను తెరవకుండా కొనడమే.

ఇటువంటి పాత బండ్లలో మనకు ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. మహీంద్రా వారి పాత జీపులు మొదటిది. 1985లో వచ్చి, 2019 తర్వాత సామాన్య కొనుగోలుదారులకు తయారు కాని మారుతి జిప్సీ రెండవది. పోలీసు, సైనిక శాఖలు వాడి వేలం వేసిన జిప్సీలూ సంతకు వస్తుంటాయి. బొలెరో, స్కార్పియో, సుమో, సఫారీలలో ఫోర్ వీల్ డ్రైవ్ అమర్చినవి మూడవది. ఈ చివరి రకంలో ఒక చిక్కుంది. పై రూపం ఒకటే అయినా, వీటిలో అత్యధికం వెనుక చక్రాలతో మాత్రమే నడిచేవి. బండి వెనుక అంటించిన అక్షరాలను నమ్మరాదు. అవి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. వంగి ముందు ఇరుసు చూడాలి. ముందు ఇరుసు నడుమ గాని పక్కకు గాని గుండ్రని డిఫరెన్షియల్ ఉబ్బూ, దానికి వచ్చి చేరే షాఫ్టూ ఉంటేనే అది ఫోర్ వీల్ బండి. మైలేజీ పెరుగుతుందని ముందు షాఫ్టును ఊడదీసి ఇంట్లో పడవేసిన యజమానులూ ఉన్నారు.

ఇంజను శక్తి మొదట గేర్ బాక్స్‌కు, అక్కడినుంచి దాని వెనుక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరొక చిన్న పెట్టెకు చేరుతుంది. చిన్న లీవరు కదిలించేది ఈ పెట్టెలోని పళ్లనే. లీవరు 2 హెచ్ గుర్తు వద్ద ఉంటే శక్తి అంతా వెనుక షాఫ్టుకే పోతుంది. 4 హెచ్ వద్ద పెడితే ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు ఒకదానికొకటి బిగిసి, ఒకే వేగంతో తిరుగుతాయి. 4 ఎల్ వద్ద అదే బిగింపు ఉంటూ, అదనంగా వేగం తగ్గి, లాగే బలం బాగా పెరుగుతుంది. బోదెలు దాటేటప్పుడు, బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు, ఇంకా ముఖ్యంగా జారుడు వాలు దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజనే బండిని పట్టి నిలపడానికి ఈ 4 ఎల్ పనికివస్తుంది. వీటి మధ్య ఎన్ అనే చోటు ఒకటుంది. అక్కడ లీవరు నిలిచితే ఏ షాఫ్టుకూ శక్తి పోదు. అప్పుడు పెద్ద లీవరు మొదటి గేరులో ఉన్నా, వాలులో నిలిపిన బండి జారిపోతుంది. ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ చిన్న లీవరును అక్కడికి లాగగలరు కనుక ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం అవసరం.

ఇక అసలు విషయం. తడినేల మీద లారీ మలుపు తిరిగిన చోట జాడలు చూస్తే, వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవలేదని తెలుస్తుంది. అవి లోపలికి కోసుకొని తక్కువ దూరం నడుస్తాయి. ముందు చక్రాలు వెలుపలి నుంచి ఎక్కువ దూరం నడుస్తాయి. అంటే మలుపులో ముందు షాఫ్టు వెనుక షాఫ్టుకంటే వేగంగా తిరగవలసి ఉంటుంది. లీవరు 2 హెచ్‌లో ఉన్నప్పుడు ఏ షాఫ్టు దారి దానిదే. కాని 4 హెచ్‌లో ఆ రెండింటినీ ఒక్కటిగా బిగించాము. బురదలోనో ఇసుకలోనో చక్రం కాస్త జారి ఆ తేడాను సరిపెట్టుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద చక్రం జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టులలోనూ, క్రాసులలోనూ, పళ్లలోనూ మెలిగా పేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, బండి ఎవరో వెనక్కు లాగుతున్నట్టు నడుస్తుంది, లీవరు వెనక్కు రానని మొండికేస్తుంది. అది చెడిపోయిందని సుత్తితో కొట్టేవారున్నారు. చేయవలసింది అది కాదు. చక్రాలు నిటారుగా ఉంచి బండిని కొన్ని గజాలు తిన్నగా వెనక్కు నడిపితే మెలి విడిపోయి లీవరు దానంతట అదే వస్తుంది. పట్టుబట్టి అలాగే తారు మీద నడిపితే మాత్రం ఏదో ఒక పన్నో, క్రాసో తెగక తప్పదు. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కనుక వానరోడ్డు మీద వేగంగా పోవచ్చునన్న భ్రమ కూడా ప్రమాదకరమే. ఈ ఏర్పాటు లాగడానికే తోడ్పడుతుంది; బ్రేకు పట్టే దూరాన్ని అంగుళమైనా తగ్గించదు.

నాలుగు చక్రాల చాలనం అన్న పేరులోనే కొంత అతిశయోక్తి ఉంది. ఇరుసు నడుమ ఉన్న మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది; అయితే జారే చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే పక్కదానికీ అంతే అందుతుంది. ఒక ముందు చక్రం గుంతలో గాలిలోనూ, ఒక వెనుక చక్రం బురదలోనూ ఉంటే ఆ రెండే గిరగిర తిరుగుతూ, గట్టి నేలమీది రెండూ కదలకుండా నిలిచిపోతాయి. అటువంటప్పుడు యాక్సిలేటరు తొక్కినకొద్దీ బండి కూరుకుపోతుంది. గాలిలో ఉన్న చక్రం కింద రాయో, కొయ్యో, కంపో దూర్చడమే మార్గం.

ముందు చక్రాల నడిబొడ్డున ఉండే హబ్‌లను గురించి అమ్మేవారు సాధారణంగా చెప్పరు. పూర్వపు జీపులలో ముందు చక్రం, దాని లోపలి షాఫ్టు ఎప్పుడూ కలిసే తిరిగేవి. తర్వాత చాలా బండ్లలో, అవసరం లేనప్పుడు ఆ షాఫ్టును విడిచిపెట్టే హబ్‌లు వచ్చాయి. కొన్నిటిని చేత్తో తిప్పాలి; వాటిమీద ఫ్రీ, లాక్ అన్న రెండు గుర్తులుంటాయి. మరికొన్ని తమంతట తామే బిగుస్తాయి. హబ్ విడిగా ఉంటే లోపల చిన్న లీవరును 4 హెచ్‌లో పెట్టినా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, చక్రం తిరగదు. దిగి రెండు హబ్‌లూ తిప్పడం మరచి, ఫోర్ వీల్ పనిచేయలేదని వాపోయేవారు తక్కువేమీ కాదు. తమంతట తామే బిగిసే రకంలో లోపలి భాగాలు అరిగితే పట్టు జారిపోతుంది. చేత్తో తిప్పే రకం తుప్పు పట్టి కదలకుండా పోతుంది.

కొనేటప్పుడు దీనిని పరీక్షించడానికి గంట సమయం, ఒక జాకీ చాలును. చదునైన మట్టినేల మీద బండి నిలిపి, హబ్‌లు లాక్ చేసి, లీవరు 4 హెచ్‌లో పెట్టి, పళ్లు కూడేటట్టు రెండు గజాలు ముందుకు నడపాలి. తర్వాత ఇంజను ఆపి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, నేలమీది చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపాలి. కిందికి ఎవరూ దూరరాదు. లేపిన చక్రాన్ని చేత్తో తిప్పితే కొద్ది ఖాళీ తర్వాత అది ఆగిపోవాలి. అది స్వేచ్ఛగా తిరిగితే హబ్, షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేస్‌లలో ఏదో ఒకటి కలవడం లేదని అర్థం. రెండో చక్రానికీ ఇలాగే చేయాలి. ఆగేముందు ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే క్రాసులో, క్రౌన్ పినియన్‌లో అరుగుదల ఉన్నదని గ్రహించి ధర తగ్గించమని అడగవచ్చు.

దీనికంటే లోతైన మోసం మరొకటుంది. ఎప్పుడో వెనుక ఇరుసు చెడినప్పుడు మరో బండి ఇరుసు తెచ్చి బిగించి ఉంటారు. ముందు, వెనుక క్రౌన్ పినియన్ల పళ్ల నిష్పత్తి వేరైతే, బండి తిన్నగా పోతున్నా రెండు షాఫ్టులూ పోట్లాడుకుంటాయి. 2 హెచ్‌లో ఈ లోపం ఎంతకాలమైనా బయటపడదు. దీనిని లెక్కించి పట్టుకోవచ్చు. లీవరు 2 హెచ్‌లోను, పెద్ద గేరు న్యూట్రల్‌లోను ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలి, రాళ్లు గట్టిగా అడ్డుపెట్టి ఒకే ఒక వెనుక చక్రాన్ని లేపాలి. రెండో చక్రం నేలమీదనే కదలకుండా ఉండాలి. షాఫ్టుపై సున్నంతో గుర్తు పెట్టి, లేపిన చక్రాన్ని సరిగా రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. హబ్‌లు లాక్ చేసి ముందు వైపూ అంతే చేసి పోల్చాలి. లెక్క రెండుచోట్లా ఒకటే రావాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతవై, అరుగుదలలో దగ్గర దగ్గరగా ఉండాలన్న నియమం కూడా ఇందుకే. వెనుక కొత్తవి, ముందు బోడివి వేసిన బండి ఇదే బాధ పడుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనుక డిఫరెన్షియల్‌ల ఆయిలు బిరడా విప్పించి చూడడానికి మొహమాటపడరాదు. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే వాగు దాటినప్పుడు నీరు చేరిందని అర్థం. వేళ్ల మధ్య లోహపు పొట్టు తగిలితే పళ్లు తింటున్నాయని గుర్తు. జిప్సీలో ముందు చక్రాల వెనుక ఉన్న గుండ్రని భాగం నుంచి జిడ్డు కారుతుంటే సీళ్లు పోయాయని తెలుసుకోవాలి. ఇది అంత పెద్ద ఖర్చు కాదు కాని వదిలేస్తే బేరింగులు పోతాయి.

మన ఊళ్లకు ఈ బండ్లు తరచు పొరుగు రాష్ట్రం నుంచి వస్తాయి కనుక కాగితాల మాట కూడా చెప్పుకోవాలి. పాత రిజిస్ట్రేషను కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అనగా 28వ నమూనా, లేకుండా మన జిల్లాలో పేరు మారదు. పేరు మార్పుకు 29, 30 నమూనాలు కావాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచిన బండికి అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. ఆ రాష్ట్రపు పన్ను వేరుగా ఉంటుంది. దానిని బండి ధరలో కలిపి లెక్కవేసుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. మామూలు జీపుకు షెడ్డులో ఫోర్ వీల్ ఇరుసు అమర్చిన బండ్లు ఈ తనిఖీలోనే చిక్కుబడతాయి. 52వ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు కింద అది వస్తుంది.

ఇన్ని చూసి కొన్న తర్వాత, వాన లేని నెలల్లో కూడా నెలకొకసారి మట్టిదారి మీద హబ్‌లు లాక్ చేసి 4 హెచ్‌లోనూ, 4 ఎల్‌లోనూ ఫర్లాంగు దూరం నడపాలి. ఆయిలు లోపలి పళ్లకు అంటుతుంది, హబ్‌లు తుప్పు పట్టవు. లోతైన వాగు దాటిన వారంలోగా మూడు పెట్టెల ఆయిలూ విప్పి చూడాలి.