పాత పాట, కొత్త నోరు

కావ్యానికి పాఠనిర్ణయం చేయడం మనకు అలవాటైన పని. తాళపత్ర ప్రతులను పోల్చి చూచి, ఇది కవి చేతినుండి వెలువడిన మాట, ఇది లేఖకుని పొరపాటు అని పండితులు తేల్చి చెబుతారు. కాని పదిమంది నోట నలిగి, నలిగినకొద్దీ పదునెక్కిన పాటకు అసలు పాఠం ఏది అని ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలి? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలుగలేదు. గోదావరిఖనిలో పరీక్ష పత్రాలు దిద్దుతూ వుండగా కలిగింది.

ఇది సుమారు ఇరవై ఏళ్ళనాటి మాట. తెలంగాణ సాయుధ పోరాటకాలపు పాటలను గూర్చి వ్యాసం వ్రాయమని డిగ్రీ విద్యార్థులకు ప్రశ్న ఇచ్చాను. బొగ్గుబాయి కార్మికుని కూతురు ఒకతె ‘బండెనక బండి కట్టి’ పాటను గురించి చక్కగా వ్రాసింది. అయితే, అందులో నైజాం సర్కారును పిలిచి నిలదీసే చోట ఎవరో పల్లెటూరి దొర పేరు పెట్టింది. నేను ఎర్రసిరాతో కొట్టివేసి, ఒక మార్కు తగ్గించి, పక్కన ‘తప్పు’ అని వ్రాశాను. మరునాడు ఆ పిల్ల వచ్చి, “మా నాయనమ్మ గిట్లనే పాడుతది సార్” అన్నది. “మీ నాయనమ్మ మరచిపోయి వుంటుంది” అన్నాను. ఎంత తేలికగా అన్నాను!

ఆ పాటను నేను నేర్చుకొన్నది చలనచిత్రం నుండి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతలలో ఒకరుగా, 1980లో విడుదలయిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ దానిని పాడాడు. పాడడమే కాదు, గొంగడితో తెరమీద కనబడ్డాడు కూడా. ఉర్దూలో కృష్ణచందర్ వ్రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల ఆ చిత్రకథకు ఆధారం. సుద్దాల హనుమంతు వ్రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా ఆ చిత్రంలోనే మళ్ళీ ఊపిరి పోసుకొన్నది. 1946-51 నడుమ జరిగిన పోరాటంనాటి పాటలు ముప్పయి ఏళ్ళు దాటిన తరువాత, ఆ పోరాటాన్ని ఎరుగని తరానికి ఇలా అందినవి. వాటిని అందించిన జననాట్యమండలివారు 1970ల తొలినాళ్ళ నుండి పల్లె వరుసలు తీసుకొని వాటికి కొత్త మాటలు కూర్చుతూ వచ్చినవారు. కనుక పాతపాటను పెట్టెలోనుంచి తీసి దుమ్ము దులిపి చూపడం వారికి చాలలేదు. ఆనాటి ఉద్యమ కార్యకర్త గొంతును ఈనాటి వేదికకు సరిపోయేటట్లు పెంచారు. డప్పు దరువు, గజ్జెల మోత, వంతపాటగాళ్ళ ఎత్తుగడ, నడుమ నడుమ మాటల విరుపు, అన్నీ కలిసి అది పాత ఇంటిమీద కట్టిన కొత్త అంతస్తువలె నిలబడ్డది.

గద్దర్‌గా ప్రసిద్ధుడైన గుమ్మడి విఠల్ (1949-2023) తన పాటలను సైతం ఒక సభలో పాడినట్లు మరొక సభలో పాడేవాడు కాదు. ముందు కూర్చున్నవారిని చూచి ఒక చరణం వదలివేసేవాడు, ఒక పేరు చేర్చేవాడు, ఒక చోట ఆగి కథ చెప్పేవాడు. 1990లో ఆయన అజ్ఞాతం వీడి బహిరంగ సభలకు వచ్చిన రోజులలో నేను విద్యార్థిని. చేతులు మారి మారి అరిగిపోయిన క్యాసెట్లలో ఒకే పాట రెండు తీరులుగా వినబడితే, ఇందులో ఏది సరి అయినదని మిత్రులతో వాదించేవాడిని. తెలుగు ఎం.ఏ. చదవబోయేవాడికి వుండవలసిన జబ్బే అది!

అయితే ఈ పునరుద్ధరణలో ఒక నష్టమూ జరిగింది. ‘బండెనక బండి కట్టి’ ఎవరిది అని తరగతిలో అడిగి చూడండి. పదింట తొమ్మిదిమంది గద్దర్‌ది అంటారు. దానిని కట్టిన బండి యాదగిరి పేరు పాటకన్న వెనుక బండిలో ఎక్కడో వుండిపోయింది. ఇందులో గద్దర్ దోషం ఏమీ లేదు. గొంతు గొప్పదైతే జరిగే పని ఇది. రెండవ నష్టం ఇంతకన్న సూక్ష్మమైనది. చలనచిత్రం పాటను లక్షల చెవులకు చేర్చింది, చేర్చి దానిని ఒకే రూపంలో గడ్డకట్టించింది. ఊరూరా మారుతూ వచ్చిన పాట ఆనాటి నుండి మారడానికి జంకింది. నా ఎర్రసిరాకు ధైర్యం ఇచ్చినది ఆ గడ్డకట్టిన రూపమే.

తమ పాత పాటలను ఏమి చేయాలో తెలియక తికమకపడినవారు మన దేశంలోనే కాదు, బయటనూ వున్నారు. లండనులో 1976లో ఏర్పడిన ‘వైర్’ అనే సంగీత బృందం కథ విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది, తరువాత ఆలోచన కలిగింది. ‘పంక్’ అనే దూకుడు సంగీతం పుట్టిన రోజులలో వీరు 1977లో తమ మొదటి రికార్డులో 21 పాటలను అరగంటకు కొంచెం మించిన కాలంలో పాడి ముగించారు. ఆ పంక్ పోకడ నుండి తొందరగానే పక్కకు తిరిగి ప్రయోగాలకు దిగిన ఇటువంటి బృందాలనే ‘పోస్ట్-పంక్’ అంటారు. కొన్నాళ్ళు విడిపోయి, మళ్ళీ కలిసి, 1987లో అమెరికా పర్యటనకు వెళ్ళినప్పుడు వీరు పాత పాటలు పాడము అన్నారు. వచ్చిన జనానికి కావలసినది పాత పాటలే. అందుకని ఆ మొదటి రికార్డును పాడగల మరొక బృందాన్ని వెంటబెట్టుకొని పోయి, తమకన్న ముందు దానిచేత పాడించారు! అంత పంతం పట్టినవారే 2013లో, 1979-80 నాటి తమ అసంపూర్ణ రచనలను తీసి కొత్తగా నిర్మించారు. 2020లో ‘టెన్ ట్వెంటీ’ అనే సంపుటిలో, అటూ ఇటూ చెదరివున్న పాత పాటలను, అరుదైనవాటిని మళ్ళీ కూర్చి ఇచ్చారు. వయస్సు వచ్చిన తరువాత వారికి పాత పాట శత్రువు కాకుండా పోయింది, ముట్టుకోవడానికి భయపడవలసిన విగ్రహమూ కాకుండా పోయింది.

కాని వారికి ఒక వెసులుబాటు వున్నది. పాత రికార్డు ఎక్కడికీ పోదు. కొత్తది నచ్చనివాడు పాతది వినవచ్చును. మన పాటకు ఆ భాగ్యం లేదు. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలు రాగిరేకులమీద శతాబ్దాలపాటు తిరుమలలో భద్రంగా వుండి ఇరవయ్యవ శతాబ్దంలో వెలుగు చూచినవి. సాహిత్యం వున్నది, రాగాల పేర్లున్నవి, పాడే వరుస మాత్రం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహావిద్వాంసులు వాటికి కొత్తగా స్వరకల్పన చేస్తే తప్ప మనం వినలేకపోయాము. పోరాటపు పాటల సంగతి ఇందుకు తలక్రిందులు. వరుస ఒకరి నోటినుండి ఒకరి నోటికి చేరి బ్రతికింది, మాటలు మాత్రం ఎక్కడి మాటలు అక్కడ జారిపోయినవి.

మా ఊరు ఇటువంటి జారిన మాటలు వచ్చి చేరిన రేవు. ఇల్లెందు ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్ది చివర మొదలైన బొగ్గు తవ్వకం 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డుకు వచ్చినప్పుడు, బాయిపనికి కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వచ్చినవారు మూటాముల్లెతోపాటు పాటలనూ తెచ్చుకొన్నారు. సింగరేణి క్వార్టర్ల ఒక్కొక్క వరుసలో నాలుగు ఊళ్ళ బతుకమ్మ పాటలు వినబడేవి. పదవీ విరమణ చేసినవారు క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఆ పాటలూ వారితోనే వెళ్ళిపోతున్నవి.

నా విద్యార్థిని నాయనమ్మ అప్పటికి క్వార్టరులోనే వున్నది. ఒక ఆదివారం మనస్సు ఊరుకోక వెళ్ళాను. జనగామ వైపు పల్లెటూరు ఆమెది. పాడమంటే మొదట సిగ్గుపడింది. తరువాత కండ్లు మూసుకొని, తల ఆడిస్తూ, గద్దర్ కన్న బాగా నెమ్మదిగా, దాదాపు ఉయ్యాల పాటవలె పాడింది. దొర పేరు వచ్చేచోట మాత్రం గొంతు గట్టిపడింది.

“అమ్మా, సినిమాలో ఇక్కడ నైజాం సర్కారు అని వుంటుంది కదా?” అన్నాను.

“నైజామును నేనెన్నడు చూడలే సారూ. దొరను చూసిన. ఏ ఊర్ల పాడితే ఆ ఊరి దొర పేరు పెట్టాలె. లేకుంటే తిట్టు ఎవలికి తాకుతది?” అన్నది ఆమె.

ఇంతకన్న మంచి పాఠనిర్ణయ సూత్రం నేను ఏ పీఠికలోనూ చదువలేదు. మరునాడు మార్కు సరిదిద్దబోయాను. జాబితా అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి, “పోనీయండి సార్” అన్నది. ఆ మాట నన్ను మార్కుకన్న ఎక్కువ కాలం బాధించింది.

ఆమె ఇప్పుడు ఒక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. నాయనమ్మ లేదు. మొన్నటి దసరా సెలవులలో ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ముప్పయికి పైగా పాటలు. ప్రతి పాటకు పైన పాడినవారి ఊరు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారో ఆ వివరం, తెలిసినచోట కట్టినవారి పేరు వ్రాసింది. ఒకే పాట రెండు తీరులుగా దొరికితే రెండూ వ్రాసింది, దేనినీ కొట్టివేయలేదు. చివరి పాటకు ఒక చరణమే వున్నది. దాని క్రింద సగం పేజీ ఖాళీగా వదలి, పెన్సిలుతో ఇలా వ్రాసుకొన్నది: “రెండవ చరణం మాటలు నాయనమ్మకు గుర్తు రాలేదు. వరుస మాత్రం కూనిరాగం తీసి వినిపించింది. నాకు వచ్చు.”