ముందు నమూనా, తరువాత ఖాతా

‘నమూనా’, ‘ఖాతా’ అను పదములు ఉర్దూ, తెలుగు భాషలు రెంటికిని ఉమ్మడి సొత్తు. వర్తకములో వీని వరుస మన పెద్దలకు బాగుగా తెలియును. సరకు నమూనా చూపిన పిదపనే ఖాతా వ్రాయుదురు. నేటి చరవాణి యాప్‌లలో పెక్కు ఈ వరుసను తారుమారు చేసినవి. యాప్ తెరచినంతనే పేరు, ఫోను నంబరు, ఈ-మెయిలు అడుగును. అవి ఇచ్చిననే గాని లోపల ఏమున్నదో చూడనీయదు. ఇది ఎంతవరకు సమంజసమో విచారింతము.

మన నూజివీడు ప్రాంతమునే చూడుడు. వేసవిలో బాట ప్రక్కన బంగినపల్లి కాయలు అమ్మువారు, కొనవచ్చినవానికి ఒక ముక్క కోసి చేతిలో పెట్టుదురు, పేరు అడుగరు. తోట కాపును కొను వ్యాపారి పూతను, పిందెను కన్నులార చూచి, చెట్టు చెట్టును పరిశీలించి, ఆ తరువాతనే బయానా ఇచ్చి కాగితము వ్రాసికొనును. అచట పేరు, సంతకము అవసరమే. ఏలయన అప్పటికి ఇరుపక్షములకును బాధ్యత ఏర్పడినది. చూడకుండ ఒప్పుకొనుటను మనవారు నీళ్లలో గేదెను ఉంచి బేరమాడుట అందురు.

యాప్ నడుపువారి వాదమును కూడ వినవలెను. బ్యాంకు లావాదేవీకి, రోగి వైద్య వివరములకు ఖాతా లేక గడవదు. ఫోను మారినను మన పని చెడకుండుటకు, మోసగాండ్రను అరికట్టుటకు ఖాతా తోడ్పడును. ఇవి న్యాయమైన కారణములు. కాని ఒక నిఘంటువు చూచుటకు, ఒక పాఠము వినుటకు ఫోను నంబరు ఏల? నంబరు చేతికందినచో ప్రకటనలు పంపవచ్చును. ఇంతమంది సభ్యులున్నారని పెట్టుబడిదారులకు చూపవచ్చును. ఇట్టి చోట్ల ఖాతా వలన లాభము అడుగువానిదే గాని ఇచ్చువానిది కాదు.

దీనివలన నష్టపోవువారెవరు? ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్న కుటుంబములు మనలో కొల్లలు. కోవిడ్ టీకాల కొరకు 2021లో ఏర్పడిన కోవిన్ విధానము ఒక నంబరుపై నలుగురు నమోదగుటకు వీలిచ్చినది. 2022 జనవరిలో ఆ సంఖ్యను ఆరుకు పెంచిరి. ఒక నంబరు ఒక మనిషి కాదని ప్రభుత్వమే గుర్తించినదన్న మాట. తండ్రి పేర ఉన్న ఫోనుతో చదువుకొను బాలిక ఆరోగ్య విషయమొకటి తెలిసికొనగోరినచో, ఓటీపీ వచ్చునది తండ్రి చేతిలోని ఫోనుకే. ఆమె సిగ్గుపడి ఆ ప్రయత్నమునే విడిచిపెట్టును. మఱియు ఒకసారి ఇచ్చిన వివరమును తిరిగి తెచ్చుకొనుట కష్టము. రుణ యాప్‌లు కొన్ని ఫోనులోని పరిచయస్థుల నంబర్లను తీసికొని, బాకీదారుల బంధుమిత్రులను సైతము వేధించిన ఉదంతములు తెలుగు రాష్ట్రములలో ప్రాణములనే బలిగొన్నవి. డిజిటల్ రుణ యాప్‌లు ఆ పట్టికను ముట్టరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

వేరు మార్గము లేదా? కలదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను చదువుటకు ఖాతా అక్కరలేదు. రైల్వే టికెట్ల వెబ్‌సైటులో రైళ్లను, ఖాళీలను ఎవరైనను చూడవచ్చును. టికెట్టు కొనునపుడే లాగిన్ కావలెను. ఖాతాతో ముఖ్యమైన పని లేని యాప్‌లు లాగిన్ లేకుండనే వాడనీయవలెనని ఆపిల్ సంస్థ తన నియమములలో వ్రాసినది.

చట్టము కూడ ఈ దిశగానే నడచుచున్నది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ప్రకారము సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై, పనికి అవసరమైన వివరముల మేరకే పరిమితము కావలెను. వైద్య సలహాలిచ్చు యాప్ ఒకటి ఫోనులోని పరిచయస్థుల జాబితాను కోరుటను ఆ చట్టమే ఉదాహరణగా చూపి, ఆ జాబితాకు ఇచ్చిన సమ్మతి చెల్లదని వివరించినది. సమ్మతి కోరు పత్రమును రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొను వీలు కల్పింపవలెననియు అందు కలదు. తెలుగు, ఉర్దూ రెండును ఆ షెడ్యూలులోనివే. తెలియని భాషలోని షరతులకు ‘అంగీకరించుచున్నాను’ అని వ్రేలు నొక్కుట, చదువనేరని పత్రముపై వేలిముద్ర వేయుట వంటిదే కదా!

కావున మా అభిప్రాయమిది: చూచుటకు, చదువుటకు, రుచి తెలిసికొనుటకు ఖాతా అడుగరాదు, దాచుకొనుటకు, కొనుటకు, ఇతరులతో వ్యవహరించుటకు అడుగవచ్చును. అడుగునపుడు ఎందుకో చెప్పవలెను. విద్యార్థి మిత్రులారా! నమోదు పత్రము ఎదురైనపుడు, ‘ఈ పనికి ఈ వివరము అవసరమా?’ అని ఒక్క క్షణము ఆలోచింపుడు. అవసరము కానిచో వెనుదిరుగుటకు జంకకుడు. మీలో కొందరు రేపు యాప్‌లు వ్రాయుదురు. ఆనాడు ఒకే ఫోనుతో కాలము గడుపు ఇంటిని గుర్తుంచుకొని, మొదటి తలుపు తెరచి ఉంచుడు.