కుక్కకు పచ్చిమాంసము – ఇంటివారికి రోగము

మన పల్లెలలో కళ్లమునకును, పశువుల కొట్టమునకును కాపు కుక్కయే. ఇంట కోడిని కోసిననాడు ప్రేగులను పచ్చిగానే దాని ముందు పాఱవేయుట వాడుక. ఈ యలవాటున నొక యపాయము కలదు.

కోళ్ల ప్రేగులలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి తఱచుగా నుండును. 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ దీనిని పందులయందు కనుగొనెను; ఆయన పై యధికారియగు పశువైద్యుడు డేనియల్ సాల్మన్ పేర నిది పిలువబడుచున్నది.

ఇది సోకిన కుక్కకు వాంతులు, విరేచనములు, జ్వరము కలుగవచ్చును. కాని పెక్కుసారులు కుక్క యారోగ్యముగనే కనబడుచు, మలముతో క్రిమిని విడుచుచుండును. కుక్కను ముట్టిన చేతులవలనను, మాంసము కోసిన కత్తిపీటవలనను నది మన యన్నమున చేరును. సాధారణముగా 6 మొదలు 72 గంటలలోపల కడుపునొప్పి, జ్వరము, విరేచనములు పట్టును. పసిబిడ్డలకును, వృద్ధులకును ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

అంగడిలో కొను పొడి ఆహారము సైతము పూర్తిగా నిరపాయము కాదు. 2012లో అమెరికాలో తయారైన కుక్కల యాహారము మూలమున, అమెరికా కెనడాలలో కలిపి 49 మంది రోగగ్రస్తులైరి.

కావున సభ్యులారా, ప్రేగులను గోతిలో పూడ్చుడు. మాంసమును, గ్రుడ్లను లోపలివఱకు నుడికించియే కుక్కకు పెట్టుడు. వేడి క్రిమిని చంపును. చల్లదనము దాని పెరుగుదలను మందగింపజేయునే కాని చంపదు. కుక్క తిను పాత్రను వంటపాత్రలతో కలిపి తోమరాదు. విరేచనములు పట్టినవారికి ఓఆర్ఎస్ నీరు త్రాగింపవలయును. రక్తము పడినను, జ్వరము తగ్గకున్నను వెంటనే వైద్యునికి చూపవలయును.

కుక్కతో నాడుకొను పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనిన పిదపనే యన్నమునకు కూర్చుండునట్లు పెద్దలు చూడవలయును.