పరప్రాంగణంలో పరాజయం: అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ – ఒక పరిశీలన

అమెరికా కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్‌లో కోర్టు ఎక్కడైనా 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు కలిగి ఉంటుంది. బుట్ట ఎత్తు 10 అడుగులు. అయినప్పటికీ సొంత ప్రాంగణంలో గెలిచే జట్టు ప్రత్యర్థి ప్రాంగణంలో తరచుగా తడబడుతుంది. ఇందుకు ప్రధానంగా మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది పోటీల కూర్పు. సీజన్ ఆరంభంలో సంపన్న విశ్వవిద్యాలయాలు సొమ్ము చెల్లించి చిన్న కళాశాలల జట్లను తమ ప్రాంగణాలకు రప్పించుకుంటాయి. ప్రయాణం చేసేది బలహీనమైన జట్టే కనుక ఆ ఓటములను కేవలం స్థల ప్రభావానికి ఆపాదించడం సమంజసం కాదు.

రెండవది రిఫరీల నిర్ణయాలు. అతిథి జట్టుపై ఫౌల్ ప్రకటించే అవకాశం ఎక్కువని ఆండర్సన్, పియర్స్ 2009లో వెలువరించిన అధ్యయనం తెలిపింది.

మూడవది పరిసరాల ఒత్తిడి. డ్యూక్ విశ్వవిద్యాలయపు కామెరాన్ ఇండోర్ స్టేడియంలో 9,314 మందికే చోటున్నా, విద్యార్థులు కోర్టు అంచునే నిలిచి కేకలు వేస్తారు. ఆ హోరులో కోచ్ సూచనలు ఆటగాళ్లకు వినబడడమే కష్టం.

ఈ వ్యత్యాసాన్ని ఎన్‌సీఏఏ సైతం అంగీకరించింది. 2018లో ప్రవేశపెట్టిన నెట్ ర్యాంకింగ్ ప్రకారం, సొంత ప్రాంగణంలో తొలి 30 స్థానాల్లోని జట్టుపై గెలుపు, పరప్రాంగణంలో తొలి 75 స్థానాల్లోని జట్టుపై గెలుపు ఒకే శ్రేణికి చెందుతాయి. అయితే ఈ సవరణ స్థలభేదాన్ని లెక్కిస్తుందే తప్ప ఆతిథ్యంలోని అసమానతను తొలగించదు. పెద్ద జట్లు చిన్న కళాశాలల ప్రాంగణాలకు అరుదుగా వెళ్తాయి. అందువల్ల జాతీయ టోర్నమెంటుకు అర్హత చాటుకోవలసిన చిన్న జట్టు, గెలుపు అత్యంత కష్టమైన చోటనే గెలిచి చూపవలసి వస్తోంది.