ఒక సంచిక, అరవై అట్టలు

1977లో ‘స్టార్ వార్స్’ సినిమా విడుదలకు ముందే మార్వెల్ కంపెనీ దాని కామిక్ మొదటి సంచికను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ధర 30 సెంట్లు. కొన్ని ఊళ్లలో మాత్రం అదే సంచికను 35 సెంట్లకు అమ్మారు. లోపల రాయ్ థామస్ కథ అదే, హోవర్డ్ చేకిన్ బొమ్మలూ అవే. అట్ట మీద చిత్రం కూడా అదే. పైన చిన్న గడిలో ఒక్క అంకె తేడా, అంతే. ధర అయిదు సెంట్లు పెంచితే జనం కొంటారా, మానేస్తారా అని తెలుసుకోవడానికి కంపెనీ ఆ పరీక్ష పెట్టింది. 1976లో 25 సెంట్ల ధరను 30కి పెంచే ముందూ ఇలాగే చేసింది.

అప్పట్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు కొన్నారు, చదివారు, చింపారు, పారేశారు. మిగిలిన ఆ 35 సెంట్ల ప్రతుల్లో శుభ్రంగా ఉన్నవి ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. ఆశపడి మోసపోయేవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన పునర్ముద్రణల మీద కూడా 35 సెంట్లనే ఉంటుంది. వాటిలో ధర గడి వజ్రం ఆకారంలో ఉంటుంది. అసలు ప్రతిలో చదరంగా ఉంటుంది. ఇంత చిన్న గుర్తు కోసం భూతద్దం పట్టుకుని పాత పుస్తకాల పెట్టెలు గాలించే మనుషుల లోకమే వేరియంట్ కవర్ల సేకరణ.

ఒకే సంచికను రెండు, మూడు, ఒక్కోసారి డజన్లకొద్దీ వేర్వేరు అట్టలతో అచ్చువేస్తే వాటిని వేరియంట్ కవర్లు అంటారు. లోపలి కథ మారదు. ధరల పరీక్ష వల్ల పుట్టిన వేరియంట్లు అనుకోకుండా వచ్చినవి. కావాలని రెండు అట్టలు వేసే పద్ధతి ఎక్కడ మొదలైందంటే చాలామంది 1986లో డీసీ కంపెనీ తెచ్చిన ‘ద మ్యాన్ ఆఫ్ స్టీల్’ మొదటి సంచికను చూపిస్తారు. సూపర్‌మ్యాన్ కథను జాన్ బర్న్ కొత్తగా మొదలుపెట్టిన పుస్తకమది. పత్రికలమ్మే బడ్డీల్లో ఒక అట్ట, కామిక్స్ మాత్రమే అమ్మే దుకాణాల్లో మరో అట్ట. 1989లో బ్యాట్‌మ్యాన్ ‘లెజెండ్స్ ఆఫ్ ద డార్క్ నైట్’ మొదటి సంచికకు నాలుగు రంగుల్లో పైఅట్టలు వేశారు. మరుసటి ఏడాది టాడ్ మెక్‌ఫార్లేన్ ‘స్పైడర్‌మ్యాన్’ మొదటి సంచిక ఆకుపచ్చ, వెండి, బంగారు రంగుల్లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది.

1991లో వరద వచ్చిపడింది. క్రిస్ క్లేర్‌మాంట్ రాసి జిమ్ లీ గీసిన ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక అయిదు అట్టలతో వచ్చింది. నాలుగు అట్టలను పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది. అయిదోది మడతలు విప్పితే ఆ నాలుగూ కలిసి ఒకే కాగితం మీద కనిపిస్తాయి. దుకాణాలు ఎనభై లక్షలకు పైగా ప్రతులు తెప్పించుకున్నాయి. ఒక్క కామిక్ సంచిక ఇంతగా అమ్ముడవడం గిన్నెస్ రికార్డు. అయితే ఎనభై లక్షల మంది పాఠకులు కొన్నారని దీని అర్థం కాదు. చాలామంది ఒక్కొక్కరే అయిదేసి కొన్నారు. చదవడానికి ఒకటి, దాచుకోవడానికి ఒకటి, పిల్లల చదువుకు పనికొస్తుందని ఇంకో నాలుగు కొన్నవాళ్లూ ఉన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ పాత సరుకు పెట్టెల్లో కొద్ది డాలర్లకే దొరుకుతోంది. అందరూ భద్రంగా దాచారు. అందుకే దానికి విలువ రాలేదు.

ఆ తర్వాత మెరిసే రేకు అట్టలు, పొడుచుకొచ్చే బొమ్మల అట్టలు, ప్లాస్టిక్ సంచిలో సీలు వేసినవి వరసగా వచ్చాయి. 1995లో ‘జెన్13’ కొత్త సిరీస్ మొదటి సంచిక పేరుకు తగ్గట్టు పదమూడు అట్టలతో వచ్చింది. అప్పటికే మార్కెట్ కూలిపోతోంది. కొన్నవి అమ్ముడుపోక వేల దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. దానికి వేరే అప్పులూ తప్పుడు కొనుగోళ్లూ కారణమే కానీ, చదివే పుస్తకాన్ని లాటరీ టికెట్టులా అమ్మడానికి చెల్లించిన మూల్యం కూడా అందులో ఉంది.

వేరియంట్లు మాత్రం పోలేదు. ఈసారి రేషియో వేరియంట్లుగా తిరిగొచ్చాయి. సేకర్తలకు ఎక్కువ కడుపుమంట రగిలించేవి ఇవే కాబట్టి వీటి లెక్క కాస్త వివరంగా తెలుసుకోవాలి. ఒక అట్ట ‘పాతికకు ఒకటి’ అని కంపెనీ ప్రకటిస్తుంది. దుకాణదారు మామూలు అట్ట ఉన్న ప్రతులు పాతిక తెప్పించుకుంటేనే ఆ ప్రత్యేకమైన అట్ట ఒకటి కొనుక్కునే అర్హత వస్తుంది. యాభైకి ఒకటి, వందకు ఒకటి కూడా ఉంటాయి. కూరగాయల బండి దగ్గర కొసరు వేసినట్టే, కాకపోతే ఇక్కడ కొసరు ధరే అసలును మించిపోతుంది.

మామూలు ప్రతి ధర 3.99 డాలర్లు అనుకుందాం. దుకాణానికి అది సుమారు సగం ధరకు వస్తుంది. అంటే పాతిక ప్రతులకు యాభై డాలర్లు. ఆ ఊళ్లో ఆ పుస్తకం చదివేవాళ్లు పదిమందే అయితే పదిహేను ప్రతులు మిగులుతాయి. చాలావరకు వాటిని తిప్పి పంపే వీలు లేదు. ఆ నష్టాన్ని దుకాణదారు ప్రత్యేకమైన అట్ట మీద వేసుకుంటాడు. ముప్ఫయ్యో నలభయ్యో డాలర్లు చెబుతాడు. కొనేవాడికి అది దోపిడీలా కనిపిస్తుంది, అమ్మేవాడికి అది బతుకుతెరువు. ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాదు. ప్రచురణకర్తకు మాత్రం పాతిక ప్రతులూ అమ్ముడైనట్టే లెక్క, అమ్మకాల జాబితాలో పుస్తకం పైకెక్కుతుంది. పాఠకుడి చేతికి చేరని ప్రతులను చేరినట్టు చూపించే ఈ పద్ధతి పుస్తకాలకు మేలు చేసేది కాదు.

పైగా ఈ ఆర్డర్లన్నీ పుస్తకం రావడానికి కొన్ని వారాల ముందే పెట్టాలి. కథ ఎవరూ చదివి ఉండరు. 2014లో ‘ఎడ్జ్ ఆఫ్ స్పైడర్-వర్స్’ రెండో సంచికకు గ్రెగ్ లాండ్ గీసిన పాతికకు ఒకటి అట్ట ఉంది. ఆ సంచికలో తొలిసారి కనిపించిన స్పైడర్-గ్వెన్ అనే పాత్ర అంత ప్రజాదరణ పొందుతుందని ఆర్డరు పెట్టినప్పుడు ఎవరికీ తెలియదు. అంతకు మూడేళ్ల ముందు, 2011లో, ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 667వ సంచికకు ఇటలీ చిత్రకారుడు గాబ్రియేలె దెల్లోత్తో గీసిన అట్ట వందకు ఒకటి. అన్ని ప్రతులు తెప్పించే ధైర్యం కొద్ది దుకాణాలకే వచ్చింది. ఇప్పుడది ఆధునిక వేరియంట్లలో దొరకడం చాలా కష్టమైన వాటిలో ఒకటి. సంపన్నులు కూడా ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

సరిగ్గా దానికి ముందు సంచిక 666కు ఏ దుకాణం పేరుతో ఆ దుకాణానికి ప్రత్యేకమైన అట్ట వేసిచ్చారు. అలా ఆ ఒక్క సంచికకే వందకు పైగా అట్టలు తయారయ్యాయి. 2013లో డీసీ ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ మొదటి సంచికను యాభై రాష్ట్రాలకు యాభై జెండాలతో వేసింది. 2015 జనవరిలో మార్వెల్ మళ్లీ మొదలుపెట్టిన ‘స్టార్ వార్స్’ మొదటి సంచికకు అట్టలు అరవై దాటాయి. అన్నీ సంపాదించాలని కూర్చున్న మనిషికి ఇది అంతులేని పని. ఒక్కో అట్ట దొరికినప్పుడు కలిగే సంతోషం కన్నా దొరకని వాటి జాబితా పెట్టే బాధే ఎక్కువవుతుంది. చాలామంది ఈ దశలోనే విసిగిపోయి పెట్టెలన్నీ అమ్మేస్తారు.

తన దగ్గర ఉన్నది ఏ అట్టో తెలుసుకోవడం కూడా ఒక చిక్కే. ఇక్కడ బార్‌కోడ్ సాయం చేస్తుంది. ఇప్పటి అమెరికన్ కామిక్స్‌లో పెద్ద బార్‌కోడ్ పక్కన అయిదు అంకెల చిన్న కోడ్ ఉంటుంది. మొదటి మూడు అంకెలు సంచిక సంఖ్య, నాలుగోది ఎన్నో అట్ట, అయిదోది ఎన్నో ముద్రణ. 00111 అని ఉంటే మొదటి సంచిక, మొదటి అట్ట, మొదటి ముద్రణ. 00121 అయితే రెండో అట్ట. 00112 అయితే మొదటి అట్టే కానీ రెండో ముద్రణ. ఈ అయిదు అంకెలు చదవడం వస్తే అమ్మేవాడి మాట మీద ఆధారపడాల్సిన అవసరం చాలావరకు తీరిపోతుంది. రెండో, మూడో ముద్రణలను తీసిపారేయనక్కర్లేదు. అవి తరచు తక్కువ సంఖ్యలో అచ్చవుతాయి, అట్ట రంగో బొమ్మో మారుతుంది. మొదటి ముద్రణ కన్నా అరుదైనవి వాటిలో ఉన్నాయి.

ఏ అట్టో తెలిశాక అది ఎంత బాగుందో తేల్చాలి. 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ పుస్తకాన్ని పరిశీలించి, పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తుంది. 9.8 మార్కుకూ 9.6కూ కంటికి కనిపించే తేడా దాదాపు ఉండదు, ధరలో మాత్రం చాలా ఉంటుంది. నకిలీల బెడద, దిద్దిన ప్రతుల బెడద తగ్గాయంటే దాని పుణ్యమే. కానీ సీలు వేసిన పుస్తకాన్ని తెరవలేరు. కథ రాసినవాడి కష్టం, లోపలి బొమ్మలు గీసినవాడి కష్టం శాశ్వతంగా మూతపడిపోతాయి. అరుదైన పాత ప్రతికి ఆ రక్షణ న్యాయమే. నిన్నగాక మొన్న అచ్చయిన పుస్తకాన్ని ఒక్కసారైనా తెరవకుండా పెట్టెలో పెట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇన్ని చికాకులున్నా జనం ఎందుకు సేకరిస్తున్నారు? బొమ్మల కోసం. వేరియంట్ అట్టకు కథలోని సంఘటనతో సంబంధం ఉండాలన్న నియమం లేదు. అందుకే చిత్రకారుడికి అక్కడ స్వేచ్ఛ దొరుకుతుంది. స్కాటీ యంగ్ సూపర్‌హీరోలందరినీ బోసినవ్వుల పసిపిల్లలుగా గీశాడు. ఆ ‘బేబీ వేరియంట్లు’ మాత్రమే కూడబెట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. జపాన్‌కు చెందిన పీచ్ మొమోకో నీటిరంగుల శైలి పాఠకులకు మొదట పరిచయమైంది అట్టల ద్వారానే. 2021లో ఆమెకు ఉత్తమ ముఖచిత్రకారిణిగా ఐస్నర్ అవార్డు వచ్చింది. అదే ఏడాది మార్వెల్‌లో ‘డీమన్ డేస్’ తానే రాసి గీసింది, 2024లో ‘అల్టిమేట్ ఎక్స్-మెన్’ చేతికి తీసుకుంది. తొలి రోజుల్లో ఆమె అట్టలు మామూలు ధరకు కొనుక్కున్న మనిషికి ఆ ఎదుగుదల మొత్తం తన అలమరలో వరసగా కనిపిస్తుంది. ఒక చిత్రకారుడినో, ఒక పాత్రనో పట్టుకుని మిగతావి వదిలేసినవాళ్లకే ఈ సరదా ఎక్కువకాలం నిలుస్తుంది.

ఖాళీ అట్టల సంగతి ఇంకా ముచ్చటైనది. పైన పుస్తకం పేరు తప్ప మరేమీ లేని తెల్లటి అట్టతో కొన్ని ప్రతులు అచ్చువేస్తారు. పాఠకుడు వాటిని కామిక్ కాన్ మేళాకు తీసుకెళ్లి తనకిష్టమైన చిత్రకారుడితో బొమ్మ వేయించుకుంటాడు. అలాంటిది లోకంలో ఇంకొకటి ఉండదు. 2006లో ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ వందో సంచికకు వేసిన ఖాళీ అట్టల మీద వందమంది చిత్రకారులు బొమ్మలు గీసిచ్చారు. హీరో ఇనీషియేటివ్ అనే సంస్థ వాటిని వేలం వేసి, జబ్బుపడి, అవసరాల్లో ఉన్న పాతతరం కామిక్ రచయితల కోసం, చిత్రకారుల కోసం ఆ డబ్బు ఖర్చుపెట్టింది. వేరియంట్ అట్టల చరిత్రలో ఇంతకన్నా గర్వంగా చెప్పుకోదగ్గది మరొకటి లేదు.

మన దగ్గర ఈ సరదా ఉన్నవాళ్లు కొత్త వేరియంట్ల కోసం విదేశాల నుంచి తెప్పించుకోవాలి. రవాణా ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది, దారిలో మూల నలిగితే చెప్పుకునే దిక్కుండదు. అయినా ఇక్కడే వెతుక్కోదగ్గది ఒకటుంది. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి ‘స్పైడర్‌మ్యాన్: ఇండియా’ తయారుచేశారు. పంచె కట్టిన పవిత్ర్ ప్రభాకర్ కథ అది, మొత్తం నాలుగు సంచికలు. గోథమ్ సంస్థ దాన్ని ఇక్కడ రూపాయల ధరతో వేసింది, మార్వెల్ అమెరికాలో డాలర్ల ధరతో వేసింది. 2023లో ‘అక్రాస్ ద స్పైడర్-వర్స్’ సినిమా మన దేశంలో తెలుగుతో సహా పది భాషల్లో విడుదలై పవిత్ర్ మళ్లీ అందరికీ తెలిశాడు. అమెరికాలో ఉన్న సేకర్తకు మన రూపాయల ప్రతి దొరకడం కష్టం. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో గోథమ్ వేసిన కామిక్స్ ఎప్పుడైనా కనబడితే, ఆ దొంతరను అడుగుదాకా తిరగేసి, అట్ట మీద ధర రూపాయల్లో ఉందో లేదో, పిన్నులు తుప్పుపట్టాయో లేదో, నడిమి కాగితం ఊడిందో లేదో చూసుకుని మరీ బేరమాడాలి.