ఫైబరు పడవకు చిన్న దెబ్బ తగిలినప్పుడు రైతు చేసికొనదగిన మరమ్మతు

కొల్లేటి చుట్టుపట్లను, కృష్ణా గోదావరి డెల్టాలలోను చేపల చెరువులు గల రైతులకు చిన్న ఫైబరు పడవ నాగలి వంటి పనిముట్టు. వెదురు గడలకు కట్టిన చిల్లుల సంచులలో మేత నింపుటకు దానిని వాడుదురు. గట్టు మీదికి ఈడ్చునప్పుడు పడవ అడుగు గీరుకొనును. తూము సిమెంటు అంచుకు తగిలినప్పుడు మూల పెచ్చు లేచును. అంతమాత్రమునకేమని ఊరకుండుట నష్టకరము. ఎందుచేతనో, దానిని ఎట్లు బాగుచేసికొనవలెనో ఇచ్చట వివరింపబడినది.

పడవ కట్టడము

పడవ పైన కనిపించు రంగు పొరను జెల్‌కోటు అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దాని లోపల గాజు నార చాపలు పాలియెస్టరు రెజినులో తడిసి, గట్టిపడి యుండును. బలమంతయు ఈ నారలో ఉన్నది. జెల్‌కోటు చెట్టుకు బెరడు వలె దానిని కాపాడును. బెరడు చిట్లినచో, వత్తిలోనికి నూనె ప్రాకినట్లు నీరు నార వెంబడి లోనికి ప్రాకును. క్రమముగా పొరలు విడిపోవును. పడవ బరువెక్కును, అడుగు మెత్తబడును. కనుక మరమ్మతులో ముఖ్యమైన పని అతుకు వేయుట కాదు, తడిని పూర్తిగా పోగొట్టుట.

దెబ్బ ఎంతవరకు ఉన్నది?

దెబ్బ చుట్టును ఒక నాణెముతో తట్టి చూడుడు. గట్టి చోట శబ్దము ఖంగుమని వచ్చును. పొరలు విడిన చోట బోలుగా, మందముగా వినిపించును. అంతవరకు సుద్దతో గీత గీయుడు. జెల్‌కోటు వరకే ఉన్న గీతలు, నార బయటపడిన పెచ్చులు, అరచేతికి మించని చిల్లులు రైతు స్వయముగా బాగుచేసికొనవచ్చును. అడుగు దూలము విరిగినను, ఇంజను బిగించు వెనుక పలక కదలినను, పనితెలిసిన పడవ మేస్త్రీకి అప్పగించుటయే క్షేమము.

ఆరబెట్టుట

ముందుగా మంచినీటితో బాగుగా కడుగుడు. ఉప్పునీటి చెరువులో వాడిన పడవకు ఇది మరీ అవసరము, ఏలయన ఉప్పు తేమను పట్టి ఉంచును. విడిపోయిన పొరలను గీకి తీసివేసి, దెబ్బతిన్న భాగము తెరచి యుండునట్లు పడవను ఎండలో పెట్టుడు. తరువాత ఆ చోట పలుచని పాలిథీన్ కాగితమును అంచులన్నియు అంటించి రాత్రి అంతయు ఉంచుడు. తెల్లవారి లోపలి వైపున చెమట పట్టినచో ఇంకను తడి ఉన్నదని గ్రహించి మరికొన్ని దినములు ఆరనీయవలెను. ముసురు దినములలో ఈ పనికి పూనుకొనరాదు.

అతుకు వేయుట

దెబ్బ చుట్టును ముతక ఉప్పు కాగితముతో ఏటవాలుగా అరగదీయుడు. గోడ మందమునకు 12 రెట్లు వాలు ఉండుట మంచిది. అనగా 5 మిల్లీమీటర్ల గోడకు 60 మిల్లీమీటర్లు. నిగనిగలాడు చోటు మిగిలినచో అతుకు పట్టదు. పిమ్మట ధూళి తుడిచి, అసిటోనుతో శుభ్రము చేయుడు. ఆరుపార చిల్లు అయినచో, వెనుకనుండి పాలిథీన్ చుట్టిన అట్టను ఆనించవలెను.

ఆక్సిలరేటరు ముందే కలిపిన రెజిను కొనుట ఉత్తమము. 100 గ్రాముల రెజినుకు 1 నుండి 2 గ్రాముల కెటలిస్టు చాలును. ఎండ హెచ్చుగా ఉన్నప్పుడు తక్కువ మోతాదే వాడవలెను. పదిహేను ఇరువది నిమిషములలో చిక్కబడును గనుక కొంచెము కొంచెముగా కలుపుకొనుడు. ఎక్కువగా కలిపినచో గిన్నెలోనే వేడెక్కి పాడగును.

గాజు చాపను ఒకదానికంటె ఒకటి పెద్దవిగా కత్తిరించి, చిన్నదానిని ముందుగా వేసి, ప్రతి దానిని రెజినుతో తడుపుచు బుడగలు లేకుండ కుంచెతో అదుముడు. చదరపు మీటరుకు 450 గ్రాముల చాప ఒక పొరకు సుమారు ఒక మిల్లీమీటరు మందము వచ్చును. చుట్టుప్రక్కల గోడకంటె అతుకు కొంచెము పల్లముగా ఉండునట్లు ఆపవలెను.

జెల్‌కోటు పూయుట

అతుకు గట్టిపడిన పిదప ఉప్పు కాగితముతో రుద్ది, తుడిచి, కెటలిస్టు కలిపిన జెల్‌కోటును గోడకంటె కొద్దిగా ఎత్తుగా పూయుడు. గాలి తగిలినచో పైభాగము జిగురుగానే ఉండును గనుక పాలిథీన్ కాగితము కప్పవలెను. మరునాడు 220, 400, 600 నంబరు కాగితములతో వరుసగా, నీటితో రుద్దినచో నునుపగును. జెల్‌కోటులో సన్నని పగులు మాత్రమే ఉన్నచో, దానిని పదునైన మొనతో గాడిగా వెడల్పు చేసి నింపుడు. ఊరక పైన పూసినచో లోనికి దిగదు. ఎపాక్సీ లప్పము పైన జెల్‌కోటు సరిగా పట్టదు గనుక రెండింటిని కలిపి వాడరాదు.

జాగ్రత్తలు

కెటలిస్టును, ఆక్సిలరేటరును నేరుగా ఒకదానితో నొకటి ఎన్నడును కలుపరాదు. భగ్గున మండి ప్రేలును. కెటలిస్టు చుక్క కంటిలో పడినచో చూపునకే ముప్పు. కనుక కండ్లద్దములు, చేతి తొడుగులు ధరింపవలెను. పడినచో వెంటనే నీటితో ఎక్కువసేపు కడిగి వైద్యుని చూడవలెను. రుద్దునప్పుడు ముక్కునకు మాస్కు కట్టుకొనుడు. గాలి ఆడు చోట పనిచేయుడు. బీడీ, పొయ్యి దగ్గరకు రానీయకుడు. మిగిలిన రెజినును, అసిటోనును చెరువులో పోయరాదు. చేపలకును రొయ్యలకును హాని.

మేత దింపిన ప్రతి వారము పడవను బోర్లించి ఒకసారి చూచుకొనుడు. గీతగా ఉన్నప్పుడు పట్టినచో కాగితముతోను, గిన్నెడు జెల్‌కోటుతోను పోవును. నీరు ప్రాకిన తరువాత పట్టినచో అడుగంతయు కోయవలసివచ్చును.