ఇంటికి పంపే డబ్బు - ఇంటి అప్పు

మన సంఘాల సభ్యులలో పలువురి పిల్లలు పట్టణాలలో ఉద్యోగాలు చేస్తూ, నెలనెలా ఇంటికి కొంత డబ్బు పంపుతున్నారు. వారు మొదటిసారి ఇంటి అప్పుకు దరఖాస్తు పెట్టినపుడు బ్యాంకువారు కొన్ని నెలల ఖాతా లెక్క అడుగుతారు. ప్రతి 5వ తేదీన ఒకే పేరున ఒకే మొత్తం పోతుంటే, అది తల్లిదండ్రుల పోషణకో, బయటి అప్పు వాయిదాకో వారికి ఎలా తెలుస్తుంది?

ఉదాహరణకు చేతికి వచ్చే జీతం 40,000 రూపాయలు, అందులో సగం వాయిదాలకు పోవచ్చునని బ్యాంకు లెక్క అనుకుందాం. 9 శాతం వడ్డీతో 20 ఏండ్లకు లక్షకు నెలవాయిదా సుమారు 900 రూపాయలు. అంటే 22 లక్షల వరకు అప్పు పుడుతుంది. ఇంటికి పంపే 8,000ను కూడా బాకీగా కడితే 13 లక్షలే. గేదెల దాణాకని పంపిన డబ్బు తొమ్మిది లక్షలకు ఎసరు పెట్టినట్లయింది!

కనుక అది ఎవరికి, ఎందుకు పంపుతున్నదీ ముందే రాసి ఇవ్వాలి. రెండు నెలలు ఆపి, రొక్కంగా చేతికివ్వడం కొందరి ఉపాయం. మాకిది నచ్చదు. అప్పు వచ్చాక రెండు బరువులూ మోయవలసినవాడు ఆ కొడుకే కదా.

తండ్రే అప్పు అడిగితే సంగతి వేరు. కొడుకు పంపేది సాధారణంగా తండ్రి ఆదాయం కింద రాదు. కొడుకును సహ దరఖాస్తుదారుగా చేర్చితే జీతం లెక్కకు వస్తుంది, బాధ్యతా ఇద్దరిదవుతుంది. పాల బిల్లు మాత్రం తండ్రి సంపాదనే. అది బ్యాంకు ఖాతాలో జమ అవుతుంటే మంచి ఆధారం. సంఘ కార్యదర్శి నుండి ఏడాది బిల్లుల వివరం సంతకంతో తీసుకొని జతచేయవచ్చు. దాణా, ఇతర కోతలు పోను చేతికి ముట్టినదెంతో అందులో విడిగా చూపించమని అడగండి.